గొర్రె చెవిలో అడిగిన ప్రశ్న

డాక్టర్ టైటస్ రోజుకు వెయ్యి గొర్రెల కార్జాలు చూసేవాడు. ఐర్లండ్‌లోని ఎన్నిస్ ఊరి బయట ఉన్న ఒక మాంసం ఫ్యాక్టరీలో తనిఖీ డాక్టరు ఉద్యోగం అతనిది. తెల్ల కోటు, తెల్ల గమ్‌బూట్లు, ఎడమ చేతికి ఉక్కు వలతో అల్లిన తొడుగు. కొక్కేలకు వేలాడుతూ కార్జాలు అతని ఎదురుగా వచ్చేవి. ఒక్కోదానికి పద్దెనిమిది సెకన్లు. బొటనవేలితో నొక్కడం, పిత్తనాళం మీద ఒక గాటు పెట్టడం, లోపల జలగలనే కార్జపు పురుగులుంటే ఎర్ర డబ్బాలో వేయడం, లేకపోతే ముందుకు పంపడం. క్లేర్ జిల్లాలో సగం చిత్తడి నేలే కాబట్టి ఎర్ర డబ్బా ఏ రోజూ ఖాళీగా ఉండేది కాదు.

అంతకుముందు అతను అద్దంకి దగ్గర పశువుల ఆసుపత్రిలో పద్నాలుగేళ్ళు పనిచేశాడు. భార్య సుగుణ నర్సుగా లిమరిక్ వచ్చిన రెండేళ్ళకు తనూ వచ్చాడు. ఇక్కడి పరీక్షలు పాసు కావడానికి మూడేళ్ళు పట్టింది. పాసయ్యాక దొరికిన ఉద్యోగం ఇది. అద్దంకిలో గేదెలు అతని మోటారు సైకిల్ చప్పుడుకే లేచి నిలబడేవి. ఇక్కడ అతని ముందుకు వచ్చేసరికి గొర్రెలకు నిలబడే అవసరం తీరిపోయి ఉండేది. ఈ సంగతి అతను ఎవరితోనూ అనలేదు. జీతం సమయానికి వచ్చేది, ఇల్లు వెచ్చగా ఉండేది.

అక్టోబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం సుగుణ ఒక అమ్మాయిని భోజనానికి పిలిచింది. పేరు అలేఖ్య. హనుమకొండ పిల్ల. లిమరిక్ యూనివర్సిటీలో డేటా సైన్స్ చదువుతోంది. అన్నం తినడం అయ్యాక బ్యాగులోంచి కాగితాల కట్ట తీసి టైటస్ ముందు పెట్టింది.

"అంకుల్, మీరు లివర్ డాక్టరని ఆంటీ చెప్పింది."

"లివర్ డాక్టర్ని కాదమ్మా. పశువుల డాక్టర్ని. లివర్ దగ్గర నిలబెట్టారు, అంతే."

"నాకు గదే కావాలె," అంది అలేఖ్య.

ఆమెకు గైడు ఇచ్చిన ప్రాజెక్టు శకునాల మీద. మూడు నాలుగు వేల ఏళ్ళ కిందట, ఇప్పటి ఇరాక్ నేల మీద, బాబిలోన్ వాళ్ళు పచ్చి మట్టి పలకల మీద రాసిపెట్టుకున్న శకునాలు. అందులో గొర్రె కార్జానివే వేలకు వేలు. కార్జం మీద ఫలానా చోట ఫలానా గుర్తు ఉంటే ఫలానాది జరుగుతుందని ప్రతి వాక్యమూ చెబుతుంది. అన్నీ 'అయితే' వాక్యాలే కాబట్టి కంప్యూటరులోకి ఎక్కించడం సులువని గైడు అనుకున్నాడు. చిక్కేమిటంటే, అలేఖ్య ఇంతవరకు కార్జాన్ని పచ్చిగా చూడలేదు.

"తింట అంకుల్. చూడలేదు," అంది.

ఆమె ఒక్కొక్క పేరే చదివింది. దారి. రాచవాకిలి. వేలు. బలం. క్షేమం. అవన్నీ కార్జంలో ఎక్కడుంటాయో తెలియకుండా పట్టికలు ఎలా కట్టాలో ఆమెకు పాలుపోవడం లేదు. టైటస్ ఒక తెల్లకాగితం తీసుకుని బొమ్మ గీశాడు. రోజుకు వెయ్యిసార్లు చూసేది కాబట్టి చేయి తడుముకోలేదు.

"ఇదిగో, బొడ్డునరం వచ్చే చీలిక. రాచవాకిలి ఇదే అయ్యుండాలి. లోపలికి తోవలాగే ఉంటది. ఈ మొన చూశావా, ఇది వేలు. మేము వేరే పేరు పెట్టాంగానీ, చూడ్డానికి వేలే."

"మరి చేదు అని ఒకటున్నది అంకుల్. చేదు కుడిదిక్కు వాచితే ఒకటి, ఎడమదిక్కు వాచితే ఇంకొకటి. గది రుచి గద?"

టైటస్ పెన్సిల్ ఆపాడు. "రుచి కాదు. పిత్తాశయం. మా ఊళ్ళో మాంసం కొట్టాయన కూడా దాన్ని చేదనే అంటాడు. అది పగిలితే కూర మొత్తం పోద్ది."

బాబిలోన్ వాడూ అద్దంకి మాంసం కొట్టాయనా ఒకే మాట వాడటం అతనికి నచ్చింది. మిగతాది కూడా చెప్పమన్నాడు. అలేఖ్య చెప్పింది. వాళ్ళ సూర్యదేవుడి పేరు షమష్. న్యాయం చెప్పేది ఆయనే. రాజుకు యుద్ధానికి పోవాలా వద్దా అన్న సందేహం వస్తే శకునం చూసేవాడు స్నానం చేసి, ఏ లోపమూ లేని గొర్రెను తెప్పించి, దాని చెవిలో ప్రశ్న చెబుతాడు. దేవుడు జవాబును ఆ గొర్రె లోపలే రాస్తాడు. తరువాత కోసి చదువుకోవాలి. కుడివైపు మనది, ఎడమవైపు శత్రువుది. కుడివైపు లోపముంటే మనకు చెడ్డ, ఎడమవైపు ఉంటే వాడికి చెడ్డ.

"దేవునికి రాయనీకి కాగితం కావాలె గద అంకుల్. ఆకాశం ఒకటి, కార్జం ఒకటి," అంది.

టైటస్ బాప్టిస్టు సంఘంలో పుట్టి పెరిగినవాడు. శకునాలు చూడకూడదని ఒంగోలు పాస్టరు గారు ఎన్నోసార్లు చెప్పి ఉన్నారు. అయినా ఆ అమ్మాయికి వారానికి ఇరవై కార్జాల బొమ్మలు గీసి ఇస్తానని ఒప్పుకున్నాడు. చదువు కదా అనుకున్నాడు.

మర్నాడు ఉదయం ఫ్యాక్టరీలో ఒక కార్జం ముందు అతని కత్తి ఆగిపోయింది. శుభ్రమైన కార్జం. దాని మీద దారి అన్న గాడి తిన్నగా, లోతుగా ఉంది. ఇంకా ఎన్నాళ్ళు నేనిక్కడ నిలబడాలి అన్న ప్రశ్న అతనికి అప్పుడే, దాన్ని చూస్తుండగానే పుట్టింది. పద్దెనిమిది సెకన్లు దాటాయి. వెనక కొక్కేలు ఒకదానికొకటి తగిలాయి. ఏమైందని సూపర్‌వైజరు అడిగాడు. ఏం లేదని చెప్పి టైటస్ దాన్ని ముందుకు పంపాడు.

సాయంత్రం సుగుణతో చెప్పాడు. "శకునం చూసినట్టే అయింది."

సుగుణ యూనిఫాం మడతపెడుతోంది. "గొర్రె చెవిలో అడిగారా?"

"లేదు."

"అయితే అది శకునం కాదు. మీకు ఈ ఉద్యోగం విసుగొచ్చింది. అది కార్జంలో ఉండదు, మీ మొహంలో ఉంది. రెండేళ్ళ నుంచీ ఉంది," అని దుస్తులు తీసుకుని వెళ్ళిపోయింది.

నవంబరు మొదటి శనివారం షానన్‌లో కమ్యూనిటీ హాలు తీసుకుని తెలుగు కుటుంబాలు కలుసుకున్నాయి. అలేఖ్య తన ప్రాజెక్టు గురించి పది నిమిషాలు మాట్లాడింది. టైటస్ గీసిన బొమ్మ తెర మీద వేసి, గీసినదెవరో చెప్పి కృతజ్ఞతలు కూడా చెప్పింది. భోజనాల వరుసలో అతని వెనక నలుగురు చేరారు. ముగ్గురు ఊరికే అడిగారు. నాలుగో ఆయన ఊరికే అడగలేదు.

ఆయన పురుషోత్తం. కాకినాడ ఆయన. షానన్‌లో విమానాల విడిభాగాల సాఫ్ట్‌వేరు టీమ్‌కు లీడునని పరిచయం చేసుకున్నాడు. డబ్లిన్‌లో ఒక కంపెనీ ఉద్యోగమిచ్చి, డిసెంబరు పదమూడులోగా ఏదో ఒకటి చెప్పమంది.

"పంచాంగం చూపించానండి. తూర్పు వద్దన్నారు. డబ్లిన్ తూర్పేనా అంటే, పూర్తిగా కాదండి, ఈశాన్యం వైపుకుంది. ఈశాన్యం మంచిదంటారు మా మావగారు. అందుకని ఇంకొక అభిప్రాయం తీసుకుందావని."

"నేను పురుగుల కోసం చూస్తానండి," అన్నాడు టైటస్.

"పురుగులు చూసేటప్పుడే ఇదీ ఒకసారి చూస్తే మీకు పెద్ద పని కాదు కదండి."

"మీరు శాకాహారులు కదా."

"నేను తినట్లేదండి. చదివించుకుంటున్నానంతే."

టైటస్ కుదరదన్నాడు. పురుషోత్తం నొచ్చుకోలేదు. రెండు రోజులకొకసారి ఫోను చేసి, పని ఎలా ఉంది, చలి ఎలా ఉంది అని అడిగి పెట్టేసేవాడు.

ఈలోగా అలేఖ్య బొమ్మలన్నీ కంప్యూటరులోకి ఎక్కించింది. మరుసటి ఆదివారం పదకొండు బొమ్మలు విడిగా తీసి బల్ల మీద పరిచింది.

"అంకుల్, ఇవి పదకొండూ ఒక్క తీరుగనే ఉన్నయి. ఎడమదిక్కు నాళాలు లావుగ, పైపుల లెక్క. ఒక్కనాటివి గూడ కాదు. మూడు వారాలవి. ఒకే దేవుడు రాసిండా?"

టైటస్ బొమ్మల మూలల్లో చూశాడు. అలవాటు చొప్పున ప్రతి బొమ్మ మూలా అది ఏ మంద నుంచి వచ్చిందో ఆ నంబరు వేసేవాడు. పదకొండింటి మీదా ఒకటే నంబరు.

"దేవుడు కాదు, జలగలు రాసినాయి. ఇవన్నీ ఒకే రైతువి," అన్నాడు.

రోజుకు వెయ్యి చూస్తున్నా తనకు ఆ సంగతి పట్టలేదు. ఎర్ర డబ్బాలో వేయడం, రిపోర్టులో శాతం రాయడం, అక్కడితో సరిపోయేది. సోమవారం పాత రిపోర్టులు తీయించాడు. ఆ రైతుకు ప్రతి నెలా కాగితం వెళుతూనే ఉంది. శాతం ప్రతి నెలా పెరుగుతూనే ఉంది. మందు వేస్తున్నా పెరుగుతోందంటే ఆ మందు జలగల మీద పనిచేయడం మానేసిందని అర్థం. బతికున్న గొర్రెలు లోపల్లోపల పాడైపోతున్నాయన్నమాట. తన పై అధికారితో చెప్పి నంబరు తీసుకుని రైతుకు ఫోను చేశాడు. డోనల్ హెహిర్ అనే ముసలాయన. కొరొఫిన్ ఊరు దాటాక ఫామ్. శనివారం రమ్మన్నాడు.

గురువారం పురుషోత్తం ఫోను చేసినప్పుడు టైటస్ అలసిపోయి ఉన్నాడు.

"చూడండి, నేను చదివినా లాభం లేదు. బతికున్న గొర్రె చెవిలో ముందు ప్రశ్న అడగాలి. వాళ్ళ పద్ధతి అది. నా దగ్గరికి వచ్చేవాటికి చెవులుండవు. శనివారం నేను వెళ్ళే చోట ఉంటాయిగానీ..." అని అక్కడ ఆగాడు.

"ఎన్నింటికి బయల్దేరదావండి?" అన్నాడు పురుషోత్తం. "కారు నేను తెస్తాను."

అలా శనివారం ఉదయం ముగ్గురు వెళ్ళారు. పురుషోత్తం, పద్ధతి తెలిసినది కాబట్టి అలేఖ్య, వెనక సీట్లో గమ్‌బూట్లు ఒళ్ళో పెట్టుకుని టైటస్. పురుషోత్తం తలస్నానం చేసి వచ్చాడు. వాన సన్నగా పడుతోంది.

డోనల్ హెహిర్‌కు డెబ్భై దాటి ఉంటాయి. గేటు దగ్గర కుక్కతో నిలబడి ఉన్నాడు. ముగ్గురిలో డాక్టరెవరో గమ్‌బూట్లను బట్టి పోల్చుకున్నాడు. టైటస్ బొమ్మలు ట్రాక్టరు బానెట్ మీద పరిచి, పైన ప్లాస్టిక్ కవరు కప్పాడు.

"ఇవి నావా?" అన్నాడు డోనల్.

"లోపలివి."

ముసలాయన చాలాసేపు చూశాడు. "కాగితాలు వస్తున్నాయి. అంకెలు. నేను ఏటా ఒకే సీసా మందు వేస్తున్నాను. మా నాన్న కాలం నుంచీ అదే," అన్నాడు. కవరు మీది వాన తుడిచి, "బొమ్మ ఎవరూ పంపలేదు," అన్నాడు.

టైటస్ దొడ్డిలోకి దిగాడు. ఒక గొర్రె గడ్డం కింద చేయి వేసి తల పైకెత్తాడు. దవడ కింద నీరు చేరి మెత్తగా ఉంది. కంటి రెప్ప కిందికి లాగి చూశాడు. ఎర్రగా ఉండాల్సిన చోటు కాగితంలా తెల్లగా ఉంది. గొర్రె ఊపిరి అతని మణికట్టు మీద వెచ్చగా తగిలింది. ఐర్లండ్ వచ్చాక ప్రాణమున్న పశువును ముట్టుకోవడం అదే మొదటిసారి. దాన్ని వెంటనే వదలలేదు. ఒకదాని తర్వాత ఒకటి నలభై గొర్రెలు చూసి, పెంటికల నమూనాలు డబ్బాల్లో తీసుకుని, నడుం పట్టుకుంటూ లేచాడు.

అప్పుడు పురుషోత్తం గొంతు సవరించుకున్నాడు. రైతుకు విషయం చెప్పాల్సిన పని టైటస్ మీద పడింది. అతను వీలైనంత తక్కువ మాటల్లో చెప్పాడు. ఈయనకు ఒక సందేహం ఉందని, దాన్ని గొర్రెకు చెప్పుకోవాలని, ఇది చాలా పాత పద్ధతని.

డోనల్ ఆలోచించాడు. "ఏ గొర్రె కావాలి?"

"ఏ లోపం లేనిది ఉండాలంట," అన్నాడు టైటస్.

"ఈ దొడ్డిలో లేదని ఇప్పుడే చెప్పావు." డోనల్ వెళ్ళి, అవతలి దొడ్డిలోంచి నల్లమొహం గొర్రెనొకదాన్ని మెడ పట్టుకుని తెచ్చాడు. "మొన్ననే కొన్నాను. ఉన్నవాటిలో ఇది నయం. కదలదు."

పురుషోత్తం తడి గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. డోనల్ మర్యాదగా మొహం పక్కకు తిప్పుకున్నాడు. తనకు తెలుగు రాకపోయినా, వినకూడదన్నట్టు నిలబడ్డాడు. పురుషోత్తం చెవి దగ్గర నోరు పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. ఒక నిమిషం అయింది. రెండు అయ్యాయి.

"సార్, అవునా కాదా అన్న ప్రశ్న ఒక్కటే అడగాలె," అంది అలేఖ్య మెల్లగా.

ఆయన తల ఊపాడుగానీ ఆపలేదు. నాలుగు నిమిషాలు చెప్పాడు. లేచేటప్పటికి కళ్ళు తడిగా ఉన్నాయి. వాన కూడా పడుతోంది. గొర్రె నెమరు వేస్తూనే ఉంది.

"అయిందా?" అన్నాడు డోనల్.

"అయిందండి."

సరే అనడానికి అక్కడి వాళ్ళు వాడే "గ్రాండ్" అన్న మాట అని డోనల్ గొర్రెను వదిలాడు.

నమూనాల ఫలితం వారంలో వచ్చింది. టైటస్ అనుకున్నదే. ఎన్నిస్‌లోని పశువైద్యశాల డాక్టరమ్మతో మాట్లాడి మందు మార్పించాడు. డోనల్ మందలో ఒక్కటీ వదలకుండా అన్నింటికీ కొత్త మందు పట్టారు. ఆ సాయంత్రం టైటస్ తనంతట తనే పురుషోత్తానికి ఫోను చేశాడు.

"మీ గొర్రెకు కూడా మందు పట్టారండి. ఆ మందు పట్టాక యాభై ఆరు రోజులు కోయకూడదు. చట్టం."

పురుషోత్తం లెక్కవేసుకున్నాడు. "నాకు పదమూడో తారీఖు దాకానే టైముందండి."

"తెలుసు."

"వేరే గొర్రెది చూస్తే?"

"మీ ప్రశ్న దానికే తెలుసు కదండీ."

"అయితే నేనే ఆలోచించుకోవాలా?" అన్నాడు పురుషోత్తం. టైటస్‌కు జాలి వేసింది. అవునని చెప్పాడు.

తరువాత జరిగింది పురుషోత్తం భార్య అనూరాధ సుగుణకు చెప్పగా తెలిసింది. ఆయన ఫోను పెట్టేసి వంటింట్లోకి వచ్చి జరిగినదంతా ఆమెకు చెప్పాడు. గొర్రె సంగతి ఆమె వినడం అప్పుడే.

"గొర్రెతో నాలుగు నిమిషాలు మాట్లాడారా?" అందట అనూరాధ. "నాతో అంతసేపు మాట్లాడి ఎన్నాళ్ళయిందో తెలుసా? దానికేం చెప్పారో నాకూ చెప్పండి."

ఆయన చెప్పాడు. సెప్టెంబరులోనే లీడు పని తన నుంచి తీసి, తన కింద నేర్చుకున్నవాడికే ఇచ్చారు. అది ఇంట్లో చెప్పలేదు. డబ్లిన్ వెళితే అక్కడ కూడా అలాగే జరుగుతుందేమోనని భయం. ఉంటే రోజూ వాడి మొహం చూడాలి. పంచాంగం, ఈశాన్యం, కార్జం అన్నీ ఆ భయం చుట్టూ తిరిగినవే. అనూరాధ విని, స్టవ్ ఆపి, ఎదురుగా కూర్చుంది. రెండు గంటలు మాట్లాడుకున్నారట. పదకొండో తారీఖున ఆయన డబ్లిన్‌కు సరేనని రాశాడు.

జనవరిలో వాళ్ళు వెళ్ళిపోయారు. లువాస్ ట్రాము ఇంటి కిందనుంచే పోతుందని, నిద్ర పట్టడం లేదని, ఉద్యోగం మాత్రం పర్వాలేదని పురుషోత్తం కబురు పెట్టాడు. యాభై ఆరు రోజులు నిండిన మర్నాడు ఫోను చేశాడు. వచ్చేశాం సరే, జవాబేమిటో తెలుసుకుంటే మనసు కుదుటపడుతుందన్నాడు. టైటస్ డోనల్‌ను అడిగాడు.

"దాన్ని పంపను," అన్నాడు డోనల్. "ఒక మనిషి కష్టం చెప్పుకున్న జీవిని కొక్కేనికి వేలాడదీయడం నాకు బాగోలేదు. పైగా అది కడుపుతో ఉంది."

టైటస్ ఈ మాటల్ని ఉన్నదున్నట్టు పురుషోత్తానికి చెప్పాడు. పురుషోత్తం, "ఆయన చెప్పింది ధర్మమేనండి," అన్నాడు. మళ్ళీ అడగలేదు.

అలేఖ్య ప్రాజెక్టు ఫిబ్రవరిలో అయింది. పట్టికలో నాలుగు వేల పైచిలుకు శకునాలున్నాయి. ఇంతకీ అవి ఎంతవరకు నిజమయ్యాయని పరీక్షకుడు అడిగాడు. నిజమైందీ లేనిదీ ఆ పలకల మీద రాసుకోలేదని, అడగడం వరకే రాసుకున్నారని ఆమె చెప్పింది. ఆమెకు మంచి మార్కులే వచ్చాయి. పరీక్ష అయ్యాక వచ్చి, సుగుణ వండిన కార్జం వేపుడు తింటూ ప్రతి ముక్కనూ తిప్పి చూసి, ఇది ఏ భాగమో చెప్పమని టైటస్‌ను విసిగించింది.

మార్చిలో ఎన్నిస్ పశువైద్యశాల డాక్టరమ్మ టైటస్‌కు ఫోను చేసింది. పశువులు ఈనే కాలం, మనుషులు చాలడం లేదు, శనివారాలు రాగలవా అని అడిగింది. అతను ఫ్యాక్టరీ వాళ్ళను అడిగి, అధికారి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని ఒప్పుకున్నాడు. మొదటి శనివారం కిల్నమోనా దగ్గర ఒక కొట్టంలో ఆవు ఈనలేక పడుకుని ఉంది. దూడ కాలు వెనక్కి మడతపడింది. టైటస్ కోటు తీసి, భుజం దాకా చేయి కడుక్కుని, గడ్డి మీద బోర్లా పడుకున్నాడు. అరగంట పట్టింది. దూడ బయటపడి తుమ్మింది. ఆవు లేచి నిలబడి అతని వైపు తిరిగి చూసింది.

ఇంటికి వచ్చేసరికి చొక్కా, ప్యాంటు, జుట్టు అన్నీ పాడై ఉన్నాయి. సుగుణ తలుపు సగమే తెరిచింది.

"అట్నుంచి వెనక్కి రండి. బట్టలు బయటే విప్పండి," అంది.

అతను ఇంటి చుట్టూ తిరిగి వెనక తలుపు దగ్గరికి వెళ్ళాడు. ఆమె బకెట్టుతో వేడినీళ్ళు పెట్టి, గుమ్మంలో నిలబడి, దూడ ఆడదా మగదా అని అడిగింది.

"ఆడదే," అన్నాడు టైటస్, చేతుల మీద నీళ్ళు పోసుకుంటూ.